టెక్ సందేహాలు: మూడు కంప్యూటర్లలో ఒకే డేటాబేస్

ప్రశ్న: మాది గుంటూరులో మందుల హోల్‌సేల్ దుకాణం. బిల్లులు, స్టాకు లెక్కలు అన్నీ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 16 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. పోయిన నెలలో సర్వర్ హార్డ్‌డిస్క్ పాడై ఒకటిన్నర రోజు బిల్లింగ్ ఆగిపోయింది. ఇప్పుడు మరో రెండు కంప్యూటర్లు కొన్నాం. మూడింటినీ క్లస్టర్ చేస్తే (ఒకే జట్టుగా కలిపితే) ఒకటి పోయినా పని ఆగదని, ఇక బ్యాకప్ కూడా అక్కర్లేదని మా సాఫ్ట్‌వేర్ చూసే అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? ఎలా అమర్చుకోవాలి?

జవాబు: అతను చెప్పిన మొదటి మాట చాలావరకు సరైనదే. రెండో మాటను మాత్రం దయచేసి నమ్మకండి. ఇలాంటి క్లస్టర్ నడిచేది రెప్లికేషన్ మీద: ప్రధాన సర్వర్‌లో జరిగిన ప్రతి మార్పూ వెంటవెంటనే స్టాండ్‌బై సర్వర్లలోనూ (ప్రధానమైనది పోతే దాని స్థానంలోకి రావడానికి సిద్ధంగా ఉంచేవాటిలోనూ) జరగడమే రెప్లికేషన్. అందువల్ల ఎవరైనా పొరపాటున ఏప్రిల్ బిల్లులన్నీ తొలగిస్తే, ఆ తొలగింపు కూడా క్షణాల్లో తక్కిన రెండు కంప్యూటర్లకూ చేరుతుంది. 2017 జనవరి 31న, సాఫ్ట్‌వేర్ కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో, వెనకబడిన స్టాండ్‌బైని సరిచేసే ప్రయత్నంలో ఉన్న ఇంజనీరు ఒకరు, స్టాండ్‌బై అనుకుని ప్రధాన సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌నే తుడిచేశారు. రోజువారీ బ్యాకప్‌లు వెర్షన్ తేడా వల్ల విఫలమవుతున్న సంగతి అప్పుడే బయటపడింది. అంతకు సుమారు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన డిస్క్ స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) ఒకటి ఉండబట్టి నష్టం ఆ ఆరు గంటల డేటాతో ఆగింది. కాబట్టి పోస్ట్‌గ్రెస్‌తోపాటు వచ్చే పీజీ డంప్ (pg_dump) కమాండ్‌తో రోజూ బ్యాకప్ తీసి, ఒక కాపీని దుకాణం బయట ఉంచండి. నెలకొకసారైనా దాన్ని వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, బిల్లులు తెరుచుకుంటున్నాయో లేదో కళ్లారా చూడండి.

ఇక అమరిక. మూడు కంప్యూటర్లలోనూ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్, ఒకే పోస్ట్‌గ్రెస్ వెర్షన్ ఉండాలి. ఒకదానిలో విండోస్, మరొకదానిలో లినక్స్ పెడితే ఈ పద్ధతి కుదరదు. మూడింటికీ మారని ఐపీ అడ్రసులు ఇచ్చి, ప్రధాన సర్వర్ ఏ అడ్రసుల మీద కనెక్షన్లు తీసుకోవాలో చెప్పే లిజన్ అడ్రస్ (listen_addresses) సెట్టింగులో దాని లోకల్ నెట్‌వర్క్ అడ్రసును చేర్చి, రెప్లికేషన్ అనుమతి మాత్రమే ఉన్న ప్రత్యేక యూజర్‌ను సృష్టించి, ఎవరు కనెక్ట్ కావచ్చో చెప్పే పీజీ హెచ్‌బీఏ (pg_hba.conf) ఫైలులో ఆ రెండు స్టాండ్‌బైల అడ్రసులకే ప్రవేశం ఇవ్వండి. తర్వాత ఒక్కో స్టాండ్‌బైలో పీజీ బేస్‌బ్యాకప్ (pg_basebackup) కమాండ్‌ను పెద్ద అక్షరం ఆర్ (-R) ఆప్షన్‌తో నడిపితే, డేటా మొత్తం కాపీ కావడంతోపాటు ప్రధాన సర్వర్‌ను అనుసరించడానికి కావలసిన సెట్టింగులు కూడా వాటంతటవే తయారవుతాయి. ప్రధాన సర్వర్‌లో పీజీ స్టాట్ రెప్లికేషన్ (pg_stat_replication) అనే వ్యూ, అంటే పట్టికలాంటి జాబితా తెరిచి చూస్తే రెండు స్టాండ్‌బైలూ కనిపించాలి.

మామూలుగా ఈ రెప్లికేషన్ అసింక్రోనస్‌గా సాగుతుంది, అంటే ప్రధాన సర్వర్ ఉన్నట్టుండి పోతే చివరి క్షణాల బిల్లులు స్టాండ్‌బైకి చేరకపోవచ్చు. ఒక్క బిల్లు కూడా పోకూడదనుకుంటే సింక్రోనస్ పద్ధతి, అంటే మార్పు స్టాండ్‌బైకి చేరాకే బిల్లు ఖరారయ్యే పద్ధతి ఎంచుకోండి. అందులో ఒకే స్టాండ్‌బై పేరు రాస్తే అది ఆగిన రోజు ప్రధాన సర్వర్‌లోనూ బిల్లింగ్ నిలిచిపోతుంది. అందుకే ‘రెండింటిలో ఏదైనా ఒకటి’ అనే అర్థం వచ్చే ఎనీ 1 (ANY 1) పద్ధతిలో రెండు పేర్లూ రాయాలి.

మూడు కంప్యూటర్లు కొనడం మంచి నిర్ణయం. రెండే ఉండి మధ్య కేబుల్ ఊడితే, అవతలిది నిజంగా పోయిందో, దారి మాత్రమే తెగిందో ఏదీ తేల్చుకోలేదు. రెండూ తామే ప్రధానమనుకుని బిల్లులు రాయడం మొదలుపెడితే ఆ లెక్కలను మళ్లీ కలపడం నరకం. మూడుంటే రెండు ఓట్లున్న పక్షమే నడుస్తుంది. ఈ ఓటింగ్‌ను ఎట్‌సీడీ (etcd) అనే ప్రోగ్రామ్, దాని సాయంతో ప్రధాన సర్వర్ మార్పిడిని పేట్రోని (Patroni) అనే ప్రోగ్రామ్ ఆటోమేటిక్‌గా నిర్వహిస్తాయి. అయితే మీ దుకాణానికి మొదటి ఆరు నెలలు అది వద్దనే నా సలహా. ప్రధాన సర్వర్ పోయినప్పుడు దాని పవర్ కేబుల్ తీసేసి, స్టాండ్‌బైలో దాన్నే ప్రధాన సర్వర్‌గా మార్చే ప్రమోట్ కమాండ్ ఇచ్చి, రెండో స్టాండ్‌బైనీ బిల్లింగ్ కంప్యూటర్లనూ కొత్త అడ్రసుకు మళ్లించడం చేతికి అలవాటైతే పదిహేను నిమిషాల పని. ఒకటిన్నర రోజుతో పోలిస్తే అది చాలు. పాత సర్వర్ బాగయ్యాక దాన్ని నేరుగా ఆన్ చేసి నెట్‌వర్క్‌లో కలపకండి; అందులోని పాత డేటా తీసేసి, మళ్లీ బేస్‌బ్యాకప్‌తో స్టాండ్‌బైగా మాత్రమే తీసుకురండి.

స్టాండ్‌బైకి చేరని మార్పులను ప్రధాన సర్వర్ దాచి ఉంచేలా చేసే రెప్లికేషన్ స్లాట్లు వాడితే, స్టాండ్‌బై ఆపి ఉన్నన్నాళ్లూ దానికి చేరాల్సిన లాగ్ ఫైళ్లు (మార్పుల నమోదులు) ప్రధాన సర్వర్ డిస్క్‌లో పేరుకుపోతాయి. డిస్క్ నిండితే బిల్లింగే ఆగిపోతుంది కనుక మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ (max_slot_wal_keep_size) అనే సెట్టింగుకు తప్పనిసరిగా పరిమితి పెట్టండి. మూడు కంప్యూటర్లనూ ఒకే యూపీఎస్‌కు తగిలించకండి. అన్నీ సిద్ధమయ్యాక, తాజా బ్యాకప్ ఉందని చూసుకుని, దుకాణం మూసిన ఒక ఆదివారం ప్రధాన సర్వర్ కేబుల్ మీరే పీకి, మళ్లీ మొదటి బిల్లు రావడానికి ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి.