ఎర్త్, విండ్ అండ్ ఫైర్ ‘ఇల్యూమినేషన్’ ఆల్బమ్‌లో యువ కళాకారులు ఎందుకు?

1970వ దశకంలోనే శిఖరాన్ని చేరిన అమెరికా సంగీత బృందం ఎర్త్, విండ్ అండ్ ఫైర్ 2005లో విడుదల చేసిన ‘ఇల్యూమినేషన్’ ఆల్బమ్‌లో తన తరువాతి తరం కళాకారులతో కలిసి ఎందుకు పనిచేసిందన్నది ప్రశ్న. దీనిని కేవలం మార్కెట్ కోసం వేసిన ఎత్తుగా చూడడం అన్యాయమని నా అభిప్రాయం.

ఆ కళాకారుల్లో పలువురు ఈ బృందం పాటలు వింటూ పెరిగినవారే. గాయకుడు, సంగీత నిర్మాత రఫాయెల్ సాదిక్ నిర్మించి, తానూ గొంతు కలిపిన ‘షో మీ ది వే’ ఇందుకు చక్కని ఉదాహరణ. అందులో అతిథి తన ముద్రను చాటుకోవడం కంటే, బృంద గాయకుడు ఫిలిప్ బెయిలీ హెచ్చు స్థాయి గాత్రానికీ బృందగానానికీ చోటివ్వడానికే ఎక్కువ శ్రద్ధ తీసుకున్నట్లు వినిపిస్తుంది. ర్యాపర్ విల్.ఐ.యామ్ నిర్మించిన ‘లవ్లీ పీపుల్’లో మాత్రం హిప్‌హాప్ లయదే పైచేయి, అక్కడ బృందం సహజ స్వభావం కొంత మరుగున పడింది.

ప్రభావం రెండు వైపులా ప్రవహించిందనడానికి మరో నిదర్శనం ఉంది. హిప్‌హాప్ జంట ఔట్‌కాస్ట్ 2003లో విడుదల చేసిన ‘ది వే యూ మూవ్’ పాటను, కెన్నీ జీ శాక్సఫోన్‌తో కలిపి ఈ బృందం తన శైలిలో పాడింది. అదే ఔట్‌కాస్ట్‌కు చెందిన బిగ్ బోయ్ ఈ ఆల్బమ్‌లోని మరో పాటలో పాలుపంచుకున్నాడు.

పార్కిన్సన్స్ వ్యాధి కారణంగా 1990వ దశకంలోనే పర్యటనలకు దూరమైన వ్యవస్థాపకుడు మోరిస్ వైట్, స్టూడియో పనిని మాత్రం విడిచిపెట్టలేదు. ఈ ఆల్బమ్ ఉత్తమ ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) ఆల్బమ్ విభాగంలో గ్రామీ నామినేషన్ కూడా పొందింది.