పట్టాలెక్కిన చదువు, గాడిలో పడిన చదువు

సందేహం: జ్వరంతో నెల్లాళ్ళు బడికి రాని ఏడో తరగతి అబ్బాయి ‘ఇప్పుడు నా చదువు మళ్ళీ పట్టాలెక్కింది’ అని రాశాడు. నేను ‘గాడిలో పడింది’ అని దిద్దాను. ‘ఆన్ ట్రాక్’కు తెలుగు అదే కదా, తప్పేముంది అంటారు మా ఇంగ్లీషు మాస్టారు. ఏది ఒప్పు?
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, ఈ సందేహం మీ ఊరి నుంచి రావడం నాకు ఎంతో సంతోషం. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లోనే రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య ఎడం) మీద చిన్న రైలు నడిచింది. తర్వాత అది గుణుపురం దాకా సాగింది. బ్రాడ్‌గేజి కోసం 2004లో ఆ బండిని ఆపేశారు. 2011లో గుణుపురానికి మళ్ళీ రైలొచ్చింది. ఆనాడు ‘మన రైలు పట్టాలెక్కింది’ అన్నవాళ్ళ మాటలో వాచ్యార్థం, లక్ష్యార్థం రెండూ ఉన్నాయి. బండి నిజంగానే ఇనుప పట్టాల మీదికి వచ్చింది, ఆగిన పనీ కదిలింది.

అసలు ఇంగ్లీషులో రైల్ అంటే ఆ ఇనుప కమ్మే. మనం ఆ పేరు బండికి పెట్టుకుని, కమ్మిని పట్టా అన్నాం. అలా చూస్తే ‘రైలు పట్టా’లో ఒకే వస్తువు రెండుసార్లు ఉన్నట్టే. అయినా ఎవరి చెవికీ ఎబ్బెట్టుగా లేదు. రూఢి బలం అది.

ఇక మాస్టారి మాట. ‘ఆన్ ట్రాక్’ అంటే మొదలైన పని అనుకున్న ప్రకారం సాగుతోందని. మనం ‘సినిమా పట్టాలెక్కింది’ అంటే షూటింగు మొదలైందని, ‘వంతెన పట్టాలెక్కింది’ అంటే కాగితాల మీదున్నది పనిలోకి దిగిందని. ఇంగ్లీషుది నడక, మనది బయలుదేరడం. రెండూ ఒకటి కావు. పైగా ట్రాక్ అన్నది రైళ్ళ కంటే పాత మాట. జాడ, నడిచిన దారి అని దాని అర్థం. అర్థంలో దానికి దగ్గర చుట్టం మన గాడి. బండిచక్రాలు ఒరుసుకుని మట్టిదారిలో పడే చాలు అది. చక్రం అందులోంచి తప్పితే ఎద్దులకు ఎంత కష్టమో బండి తోలినవాళ్ళకు తెలుసు. ‘గాడి తప్పాడు’, ‘సంసారాన్ని గాడిలో పెట్టింది’ అన్న మాటలు అక్కడివే.

కాబట్టి మీ దిద్దుబాటు మంచిదే. చెదిరినది కుదురుకోవడం ‘గాడిలో పడింది’లో నిండుగా ఉంది. కానీ పిల్లవాడి వాక్యం తప్పు కాదు. ‘మళ్ళీ’ అన్నాడు కనుక ఆగిన చదువు తిరిగి మొదలైందన్న అర్థం చక్కగా వస్తోంది. వాడుకే ప్రమాణమని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో, రోజూ రైలు కూత వినే పిల్లవాడికి ఆ పోలిక తట్టడం సహజం. మార్కు తగ్గించి ఉంటే తిరిగి ఇచ్చేయండి. గాడి అంటే ఏమిటో కూడా చెప్పండి, ఎడ్లబండి చక్రాల చాలును ఆ అబ్బాయి చూసి ఉండకపోవచ్చు.