సమాధానం: పడుకుంటే ఆక్సిజన్ 91, కూర్చుంటే 95 ఎందుకు చూపిస్తోంది?

పొట్ట ఆపరేషన్ అయిన మూడో రోజున మీ నాన్నగారికి వేలికి పెట్టే ఆక్సీమీటర్లో ఆక్సిజన్ శాతం పడుకుంటే 91, కూర్చుంటే 95 ఉంటోందన్నారు. ముందు రీడింగ్ సరైనదో కాదో చూడండి. వేలు చల్లగా ఉన్నా, గోరుకు రంగున్నా తప్పు చూపిస్తుంది. చెయ్యి వెచ్చబరిచి, కదపకుండా, అంకె నిలకడగా ఆగేదాకా ఒక నిమిషం ఉంచండి.

అప్పుడూ అంతే ఉంటే, ఎక్కువగా కారణం ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోవడమే. మత్తుమందు ప్రభావం ఒకటి, కుట్ల నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీయడం ఇంకొకటి. వెల్లకిలా పడుకుంటే పొట్ట ఊపిరితిత్తుల కింది కండరమైన డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది, అంకె ఇంకా పడుతుంది. అందుకే తలవైపు 30-45 డిగ్రీలు ఎత్తండి, పగలు కుర్చీలో కూర్చోబెట్టండి, డాక్టర్ ఒప్పుకుంటే నడిపించండి.

ఊపిరి వ్యాయామానికి ఇచ్చే స్పైరోమీటర్‌తో చాలామంది చేసే పొరపాటు: అందులోకి ఊదుతారు. ఊదకూడదు, నెమ్మదిగా పీల్చాలి. 3-5 సెకన్లు బిగపట్టి వదలాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు. తర్వాత కుట్ల మీద దిండు అదిమిపెట్టి గట్టిగా దగ్గించండి. రాసిచ్చిన నొప్పి మాత్ర మానేస్తే ఇవేవీ చేయలేరు.

ఈ 91 సంగతి ఈరోజే సర్జన్‌కు చెప్పండి. 90 కంటే తగ్గి నిలిచినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా, ఒక పిక్క వాచినా, మందుల మత్తులో శ్వాస నిమిషానికి పదికి తగ్గినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పాత ఊపిరితిత్తుల జబ్బుంటే (సీఓపీడీ) లక్ష్యం వేరు, సాధారణంగా 88-92. ఇంట్లో సొంతంగా ఆక్సిజన్ మాత్రం పెట్టొద్దు. అంకె బాగా కనిపిస్తూనే శ్వాస మందగించడం తెలియకుండా పోతుంది.