1991 మియాటాకు స్ట్రట్ బారా, రోల్ బారా, నేల కింద బ్రేసులా: ముందు ఏది?

మీ కారు 1991 మాజ్డా మియాటా, పైకప్పు తీసేయగల రెండు సీట్ల కారు. వారాంతాల్లో కొండ దారులు, నెలకోసారి ఆటోక్రాస్ (శంకువుల మధ్య ఒక్కొక్కరుగా సమయం కోసం నడిపే పోటీ). చేతిలో ఐదు వందల డాలర్లు. స్ట్రట్ బార్ (బానెట్ కింద రెండు సస్పెన్షన్ టవర్లను కలిపే కడ్డీ), రోల్ బార్ (కారు బోల్తా పడితే కాపాడే, సీట్ల వెనుక ఉక్కు కమాను), నేల కింద ఫ్రేమ్ రెయిల్ బ్రేసులు (బాడీ మెలి తిరగకుండా బిగించే ఉక్కు పట్టాలు), ఈ మూడింటిలో ఏది ముందు కొనాలని అడిగారు. నాది 1992 మోడల్, మీ కారులో ఉన్న 1.6 లీటర్ల ఇంజినే. డాలస్ దగ్గర ఉంటాను. వీటిని నేను పూర్తిగా తలకిందుల వరుసలో కొన్నాను. ఆ ఖర్చు మీకు మిగులుతుందేమోనని రాస్తున్నాను.

మొదట కొన్నది స్ట్రట్ బార్. బానెట్ ఎత్తితే తళతళా మెరిసేది, చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. రోడ్డు మీద మాత్రం నాకు వీసమెత్తు తేడా తెలియలేదు. ఎందుకో చాలా రోజుల తర్వాత, కారు కింద పడుకుని చూసినప్పుడు అర్థమైంది. మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, కుదుపు ఆపే డ్యాంపర్ కలిసిన ఒకే నిలువు కాలు) ఉన్న కారులో చక్రాన్ని నిటారుగా పట్టి ఉంచేది ఆ స్ట్రట్టే. మలుపులో పక్కకు తోసే బలంలో కొంత భాగం స్ట్రట్ పైకొస నుంచి టవర్‌కు, అంటే దాన్ని బిగించిన బాడీ భాగానికి, చేరుతుంది. అక్కడ రెండు టవర్లను కలిపే బార్‌కు నిజంగా పని ఉంటుంది. మియాటాలో నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి రెండు చేతులు పట్టుకుంటాయి. ముందు చక్రాల పై విష్‌బోన్, కింది విష్‌బోన్ రెండూ సబ్‌ఫ్రేమ్‌కే (బాడీ కింద బిగించిన ఉక్కు చట్రం) బిగించి ఉంటాయి. పక్క బలమంతా అటే పోతుంది. పైన టవర్ మోసేది ముఖ్యంగా స్ప్రింగు, డ్యాంపర్ల నిలువు భారాన్ని. అంటే నేను కొన్న బార్ పని లేని చోట కాపలా కాసింది.

హైదరాబాద్‌లో మా తమ్ముడికి పోలో ఉంది. ముందు మెక్‌ఫర్సన్ కాబట్టి వాడు స్ట్రట్ బార్ వేయించుకుంటానంటే కాదనలేదు. నేల కింద బ్రేస్ మాత్రం వద్దన్నాను. వాళ్ల కాలనీ స్పీడ్ బ్రేకర్లకు కారు పొట్ట ఇప్పటికే తగులుతోంది.

ఇక మియాటా బలహీనత ఎక్కడుందో చూడండి. మూత అతికించిన అట్టపెట్టెను రెండు చేతులతో మెలితిప్పితే లొంగదు. మూత కోసేస్తే అదే పెట్టె ఇట్టే మెలితిరుగుతుంది. పైకప్పు లేని కారు సంగతీ అంతే. తలుపుల దగ్గర ముందు భాగాన్ని, వెనుక భాగాన్ని కలిపి ఉంచేవి రెండు పక్కల సిల్స్ (తలుపుల కింద పొడవునా ఉండే బోలు దూలాలు), నేల, మధ్యలో గేర్‌బాక్స్ మీది సొరంగం మాత్రమే. ఒక ముందు చక్రం గుంతలో పడితే ముందు అద్దం చట్రం ఒక దిక్కుకు, సీటు ఒక దిక్కుకు వణుకుతాయి. వెనుక చూసే అద్దంలో లారీ రెండుగా కనిపిస్తుంది. గేర్‌బాక్స్‌ను వెనుక ఇరుసు దగ్గరి డిఫరెన్షియల్‌తో కలిపే పొడవాటి అల్యూమినియం దూలాన్ని చూసి ‘ఇంత గట్టిది ఉండగా ఇంకేం కావాలి’ అనుకుంటారు కొందరు. నేనూ అనుకున్నాను. అది ఇంజిన్ నుంచి వెనుక ఇరుసు దాకా ఉన్న భాగాలను వరుసలో పట్టి ఉంచడానికి, బాడీ మెలి తిరగకుండా ఆపడానికి కాదు. 1994లో 1.8 లీటర్ల ఇంజిన్ పెట్టినప్పుడు మాజ్డా వాళ్లే సీటు బెల్టు టవర్ల మధ్య అడ్డంగా ఒక బార్, కింద సబ్‌ఫ్రేమ్‌లకు అదనపు బ్రేసులు చేర్చారు. మన మోడల్‌కు ఏం తక్కువైందో దాన్నిబట్టే తెలుస్తుంది.

నా రెండో కొనుగోలు ఫ్రేమ్ రెయిల్స్. నేల కింద ముందు నుంచి వెనుకకు రెండు పట్టాలు కనిపిస్తాయి కదా, అవి పలుచటి రేకు. పాత యజమాని ఎవరో వాటి కిందే జాకీ పెట్టి లేపినట్టున్నారు, నా కారులో అప్పడంలా అణిగిపోయి ఉన్నాయి. వాటిని సరిచేయించి, మీద తొడుగులా ఎక్కే మందపాటి ఉక్కు పట్టాలు బిగించాను. ఆ తర్వాతి ఏడాది రెండు పట్టాలనూ ఐమూలగా కలిపే బటర్‌ఫ్లై బ్రేస్ చేర్చాను. కొలరాడోలోని ఫ్లైయిన్ మియాటా అనే మియాటా విడిభాగాల కంపెనీ దగ్గర రెండూ దొరికాయి. ఐమూల ఎందుకంటే, మా ఊళ్లో చేనికి తడిక తలుపు కట్టేటప్పుడు తాత నాలుగు వెదుళ్లు కట్టి ఆగేవాడు కాదు, ఒక బద్దను మూల నుంచి మూలకు వేసేవాడు. అది లేకపోతే వారంలో తలుపు పక్కకు ఒరిగేది.

తేడా ఎలా ఉందంటే, ఆటోక్రాస్ సమయంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఒక పరుగుకూ మరో పరుగుకూ నా చేతుల్లో వచ్చే తేడాయే అంతకన్నా ఎక్కువ. కానీ హైవే వంతెనల అతుకుల మీద స్టీరింగ్ వణుకు సగానికి పైగా తగ్గింది. మలుపు మధ్యలో ఎగుడుదిగుడు వచ్చినా కారు పట్టిన దారి వదలడం లేదు. ఇంతకుముందు ఒక ముందు మూల జాకీ మీద లేపితే తలుపు గీసుకుంటూ మూసుకునేది. ఇప్పుడు మామూలుగానే పడుతోంది. కొనకముందు మీరూ ఈ పరీక్ష చేసి చూడండి, పైసా ఖర్చు లేదు. జాకీ మాత్రం సిల్ కింద దానికి కేటాయించిన చోటే పెట్టండి.

రోల్ బార్ సంగతి వేరు. అది మెడ కాపాడుకోవడానికి. సీట్ల వెనుక ఉంటుంది కాబట్టి తలుపుల దగ్గరి బలహీనతకు పెద్దగా ఒరగబెట్టేది లేదు. ట్రాక్ మీదికి వెళ్లే ఆలోచన ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి అదే ముందు కొనండి. హెల్మెట్ లేకుండా రోడ్డు మీద తిరిగేటప్పుడు వెనుక నుంచి ఎవరైనా గుద్దితే తల ఆ ఇనుపగొట్టానికే తగులుతుంది. అందుకని గట్టి ప్యాడింగ్ తప్పనిసరి.

ఇన్ని చెప్పాను గానీ, మీ ఐదు వందలూ బ్రేసుల మీద పెట్టమనను. సస్పెన్షన్ కీళ్ల దగ్గర ఉండే, ముప్పై ఏళ్లు దాటిన రబ్బరు బుషులు మారకుండా ఉంటే, కారు వదులుగా తోచడానికి సగం కారణం అవే కావచ్చు. టైర్ల వయసూ చూడండి: టైరు పక్కన నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. అంతకన్నా ముఖ్యం తుప్పు. మెత్తటి టాప్ వెనుక మూలల్లో నీరు పోయే గొట్టాలు ఆకులతో పూడుకుపోతాయి. నీరు సిల్స్‌లోకి దిగి, వెనుక చక్రానికి కాస్త ముందున్న భాగాన్ని లోపలి నుంచి తినేస్తుంది. పుచ్చిన సిల్ పక్కన ఎంత ఉక్కు బిగించినా వృథా. ఆ పని వెల్డర్‌ది.

సిల్స్ బాగుంటే ఫ్రేమ్ రెయిల్స్ కొనండి, మిగిలిన డబ్బు బుషులకు ఉంచండి. చక్రాల మీద కారు బరువు పడి ఉండగానే బోల్టులు చివరిగా బిగించండి, ఒక ఐదారు వందల మైళ్ల తర్వాత మళ్లీ చూసుకోండి. బ్రేస్ వేస్తే ఆటోక్రాస్‌లో మీ తరగతి మారవచ్చు. కొనకముందే మీ క్లబ్ నియమాల పుస్తకం చూడండి. సిల్స్ వెనుక మూలల ఫొటోలు రెండు పెట్టండి, ఎంత తుప్పుందో చూసి చెబుతాను.