కేస్ షీట్‌లో ‘బైక్ స్కిడ్’ అని రాస్తే పరిహారం పోయినట్టేనా?

ప్రశ్న: మా ఆయన ఆటోనగర్‌లో వెల్డర్. వయసు 38. నాలుగు నెలల క్రితం రాత్రి పని ముగించుకుని బైక్ మీద వస్తుంటే కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర కంటైనర్ లారీ వెనకనుంచి గుద్దింది. కుడికాలు మోకాలి కింద విరిగితే రాడ్ వేశారు. ఇప్పుడు నడుస్తున్నారు గానీ గొంతుక్కూర్చోలేరు, నిచ్చెన ఎక్కలేరు. లారీ డ్రైవర్ మీద పోలీసులు కేసు కట్టారు. ఆసుపత్రి కేస్ షీట్ జిరాక్స్ చూస్తే మొదటి పేజీలో ‘బైక్ స్కిడ్ అయి పడ్డాడు’ అని ఉంది, లారీ ఊసే లేదు. ఇరవై వేలిస్తే 45 శాతం వైకల్యం సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఒకతను తిరుగుతున్నాడు. మా కేసు నిలుస్తుందా మేడమ్?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: నిలుస్తుందమ్మా. కాకపోతే ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు మొట్టమొదట పట్టుకునేది ఆ ఒక్క లైనునే. ‘తనంతట తనే పడ్డాడు, తర్వాత లారీని ఇరికించారు’ అంటాడు. దానికి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోండి.

మీ ఆయన్ను ఆసుపత్రికి తెచ్చిందెవరు? క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు తెచ్చినవాళ్లు చెప్పిందే రాసుకుంటాడు. తలకు దెబ్బ తగిలిందా, రక్తం ఎంత పోయిందన్నదే ఆయన కంగారు, తప్పు ఎవరిదో తేల్చే పని ఆయనది కాదు. రోడ్డు మీద పడి ఉన్న మనిషిని ఎత్తుకొచ్చిన ఆటో అబ్బాయి లారీని చూసి ఉండకపోవచ్చు. ఆ సంగతే కోర్టులో చెప్పించాలి. తెచ్చినవారి పేరు కేస్ షీట్‌లో రాసి ఉందేమో చూడండి. ఆసుపత్రి పోలీసులకు పంపిన ఎం.ఎల్.సి. (పోలీసు కేసయ్యే గాయాల) సమాచారం, ఎఫ్.ఐ.ఆర్., చార్జిషీట్‌తో ఉండే ఊండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరిచ్చే కాగితం) పక్కపక్కన పెట్టి తేదీలు, వేళలు సరిచూడండి. ఎఫ్.ఐ.ఆర్. మర్నాడే పడి, అందులో లారీ నంబరు ఉంటే సగం భయం తీరినట్టే. పది రోజులు ఆలస్యమైతే మాత్రం ఆ ఆలస్యానికి కారణం చెప్పాలి, లారీ గుద్దడం చూసిన సాక్షి కావాలి.

ఒక్క పని మాత్రం చేయకండి. ఆసుపత్రికి వెళ్లి ఆ లైను దిద్దించకండి. మన ఊళ్లో దీనికి సాయం చేసే పెద్దమనుషులు ఎప్పుడూ దొరుకుతారు. కొట్టివేత కనబడిందంటే మంచి కేసు కూడా అనుమానంలో పడుతుంది. ఉన్నది ఉన్నట్టుగా సర్టిఫైడ్ కాపీ తీసుకోండి.

డిశ్చార్జి సమ్మరీ ఒక్కటీ చాలదు. మొత్తం కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, రాడ్ వేయకముందూ వేశాకా తీసిన ఎక్స్‌రేలు, రివ్యూ చీటీలు అడగండి. రాతపూర్వకంగా అడిగి, మీ కాపీ మీద అందినట్టు సంతకం వేయించుకోండి. 2002 నాటి వైద్య వృత్తి నిబంధనల ప్రకారం రోగి అడిగిన రికార్డు 72 గంటల్లో ఇవ్వాలి. అదే నిబంధనలు రికార్డును 3 ఏళ్లు భద్రపరచమంటాయి గనక తర్వాత చూద్దాంలే అనుకోకండి. మందుల బిల్లులకు వాటి చీటీలు జత చేసి ఉంచండి. రాడ్ తీయాల్సి వస్తే ఎంతవుతుందో డాక్టరు లెటర్‌హెడ్ మీద అంచనా రాయించండి.

ఇక ఆ ఇరవై వేల మనిషి. అతన్ని గుమ్మంలోంచే పంపేయండి. వైద్యం చేయని డాక్టరు ధారాళంగా ఇచ్చేసే సర్టిఫికెట్ల గురించి రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునళ్లను హెచ్చరించింది. అందులోనే చెప్పిన ఇంకో మాట మీకు బాగా పనికొస్తుంది. ఎడమ చెయ్యి పోతే వడ్రంగికీ డ్రైవరుకీ సంపాదన దాదాపు మొత్తం పోతుంది, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. అంటే కాలికి ఎంత శాతం అన్నది కాదు, ఆ కాలితో ఆ పని చేయగలడా అన్నది లెక్క.

అంకెల్లో చూడండి. మీ ఆయన సంపాదన నెలకు 18,000 అనుకుందాం. ఏడాది సంపాదనను వయసును బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు, అదే గుణకం. 38 ఏళ్లకు అది 15. సంపాదన శక్తి 10 శాతం తగ్గిందంటే 3,24,000 రూపాయలు, 20 శాతం అంటే 6,48,000. భవిష్యత్తు పెరుగుదల, ఆసుపత్రి ఖర్చులు, బాధకు ఇచ్చేది ఇందులో కలపలేదు. సర్టిఫికెట్ మీద ఎవరో వేసిన 45 కన్నా, ఆపరేషన్ చేసిన డాక్టరు రివ్యూ చీటీలో రాసే ‘మోకాలు పూర్తిగా వంగడం లేదు, గొంతుక్కూర్చోలేడు, ఎత్తు మీద నిలబడి పని చేయలేడు’ అన్న మాటే బలం. ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు వెల్డింగ్ ఎలా చేస్తారో, ఎక్కడ కూర్చుని చేస్తారో మీ ఆయన్ను విడమరచి చెప్పమనండి. మగవాళ్లు డాక్టరు ముందు ‘బానే ఉందండీ’ అనేస్తారు, అదీ రికార్డుకెక్కుతుంది!

సర్టిఫికెట్‌కు ప్రభుత్వ మెడికల్ బోర్డు దగ్గరికి వెళ్లవచ్చు. అయినా వైద్యం చేసిన డాక్టరు సాక్ష్యం ఉండాలి. ఖాళీ లేదని ఆయన కోర్టుకు రాకపోతే, కమిషన్ మీద, అంటే కోర్టు నియమించిన వ్యక్తి ద్వారా, ఆయన వీలు చూసుకుని సాక్ష్యం నమోదు చేయించమని అడగవచ్చు. ఈ దారి కూడా పైన చెప్పిన సుప్రీంకోర్టు తీర్పులో ఉన్నదే.

జీతానికి రుజువుగా ఓనరు దగ్గర హాజరు పుస్తకం, బ్యాంకులో పడిన డబ్బు, ఏది ఉంటే అది.

సర్టిఫికెట్ వచ్చేదాకా పిటిషన్ ఆపకండి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం మోటారు వాహనాల చట్టం 166(3) సెక్షన్ ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయమంటోంది. మీకు మిగిలింది రెండు నెలలు. వైకల్యం కాగితం విచారణలో సాక్ష్యం దగ్గర పెట్టుకోవచ్చు. మీ నివాసం గాజువాక గనక లారీ ఓనరు ఏ రాష్ట్రంవాడైనా ఎం.వి.ఓ.పి. (ఈ పరిహారం పిటిషన్) ఇక్కడ విశాఖ ట్రిబ్యునల్‌లోనే వేయండి.