నాజీ పాఠం చెప్పబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. తొమ్మిదో తరగతికి నాజీయిజం పాఠంతో పాటు, యూదు పిల్లలను రైళ్లలో ఇంగ్లండుకు దాటించిన సంగతీ చెప్పాలనుకుంటున్నానని రాశావు. తప్పకుండా చెప్పు. అయితే నికొలస్ వింటన్‌తో మొదలుపెట్టకు. చెకొస్లొవేకియా రాజధాని ప్రాగ్ నుంచి 669 మంది పిల్లలు బయటపడడానికి పాటుపడిన మహానుభావుడాయన, కాదనను. కానీ వీరుడితో మొదలుపెడితే పిల్లలు చప్పట్లు కొట్టి ఊరుకుంటారు. బిడ్డలను రైలెక్కించిన తల్లిదండ్రులతో మొదలుపెట్టు.

1938 నవంబరు 9 రాత్రి జర్మనీ, ఆస్ట్రియాల్లో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు, దుకాణాలు ధ్వంసం చేశారు. దాదాపు 30 వేలమంది మగవాళ్లను నిర్బంధ శిబిరాలకు పట్టుకుపోయారు. ఆ తర్వాతే బ్రిటన్ 17 ఏళ్లలోపు పిల్లలకు తలుపు తీసింది. పిల్లలకు మాత్రమే. ఈ మాట బల్లగుద్ది చెప్పు. కన్నబిడ్డను ముక్కూమొహం తెలియని వాళ్లింటికి పంపాలా, దగ్గరే ఉంచుకుని అందరూ కలిసి ఆపదలో పడాలా? ఆ తల్లులు ఇది తేల్చుకోవలసి వచ్చింది.

బిడ్డ మోయగలిగిన ఒక్క పెట్టె, చేతిలో 10 జర్మన్ మార్కుల డబ్బు, మెడలో అంకె వేసిన అట్టముక్క. విలువైన వస్తువులేవీ వెంట తీసుకెళ్లకూడదు. ఇంతవరకు చెప్పి ఆగు. ‘మీరైతే ఆ పెట్టెలో ఏం సర్దుకుంటారు’ అని ఆట మాత్రం ఆడించవద్దు. ఒకరి కడుపుకోత మన పిల్లలకు కాలక్షేపం కాకూడదు.

ధైర్యం గురించి చెప్పాలంటే డచ్ మహిళ ట్రూస్ వైస్‌ముల్లర్ ఉంది. వియన్నాకు వెళ్లి నాజీ అధికారి ఐక్‌మన్ ఎదుట నిలబడి, పిల్లలను పంపమని అడిగింది. శనివారానికల్లా 600 మందిని తీసుకుపో, చూద్దాం అన్నాడతను. యూదులకది విశ్రాంతి దినం. అయినా ఆ రోజే, డిసెంబరు 10న, 600 మందినీ రైలెక్కించింది.

పెద్దవాళ్లను ఎందుకు రానివ్వలేదని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. దాటవేయకు. నిరుద్యోగం, వలసదారులంటే వ్యతిరేకత, ఖజానాపై భారం పడుతుందన్న భయం, అన్నీ చెప్పు. ప్రాగ్ పిల్లలకైతే తలకు 50 పౌండ్ల పూచీకత్తు కట్టమన్నారు. అమెరికాలో 1939లో 20 వేలమంది పిల్లల కోసం తెచ్చిన బిల్లు ఓటింగు దాకా కూడా రాలేదు. బ్రిటన్ చేరినవాళ్లు దాదాపు 10 వేలు. సెప్టెంబరు 1న యుద్ధం మొదలై, 250 మంది పిల్లలతో ప్రాగ్ నుంచి బయలుదేరవలసిన రైలు కదలనే లేదు.

ఒక్క పీరియడ్‌లో ముగించాలని చూడకు, రెండు తీసుకో. బెర్లిన్, వియన్నా, ప్రాగ్ నుంచి హాలండ్ రేవు మీదుగా ఇంగ్లండు రేవు హార్విచ్ దాకా దారి చూపే పటం ముందురోజే గీసి ఉంచుకో.

ఇట్లు,
మామయ్య