ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఆగడం దండగేం కాదు, కానీ రూము చూసి తీసుకోండి

ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్తూ అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్ ఊళ్లో, పాత రైల్వే పేటలో ఆగాలా వద్దా అని కదా మీ సందేహం. ఆగండి. అదీ ఓ సాయంత్రం మొత్తం. మేమూ గంటలో కాఫీ తాగి పోదామనే దిగాం, ఆ రాత్రి అక్కడే పడుకున్నాం.

1882లో పట్టాలు వచ్చాకే అది ఊరైంది. చెక్క కట్టడాలు మాటిమాటికీ తగలబడుతుంటే, ఇకపై రాయి, ఇటుక, ఇనుముతోనే కట్టాలని 1897లో రూలు పెట్టారట. అందుకే ఆ వీధుల్లో అన్ని ఎర్ర ఇసుకరాతి గోడలు. 1900లో తెరిచిన వెదర్‌ఫర్డ్ హోటల్, 1927 నాటి మాంటే విస్టా రెండూ నడక దూరమే. 1926లో కట్టిన స్టేషన్లోనే ఇప్పుడు టూరిస్టులకు సమాచారం ఇచ్చే ఆఫీసూ ఉంది. చికాగో, లాస్ ఏంజెలెస్ మధ్య తిరిగే సౌత్‌వెస్ట్ చీఫ్ రైలు ఇప్పటికీ అక్కడ ఆగుతుంది.

మా నాన్న మాత్రం వీటిలో ఒక్కదాన్నీ సరిగా చూడలేదు. ఆయన కాజీపేటలో గూడ్స్ గార్డుగా రిటైరైన మనిషి. ఆ ఊళ్లోని శాన్‌ఫ్రాన్సిస్కో వీధి రైల్వే గేటు దగ్గర నిలబడ్డారంటే ఇక కదల్లేదు. కంటైనర్ మీద కంటైనర్ పెట్టుకుని బండి పోతూనే ఉంది, ఈయన వ్యాగన్లు లెక్కపెడుతూనే ఉన్నారు. నూటపది దాటాక లెక్క తప్పింది. చివరి వ్యాగన్ పోగానే "బ్రేక్ వ్యాన్ ఏదిరా? ఎల్‌వీ బోర్డేది?" అన్నారు (బ్రేక్ వ్యాన్ అంటే గార్డు ఉండే చివరి పెట్టె, ఎల్‌వీ బోర్డంటే బండి అక్కడితో అయిపోయిందని చెప్పే పలక). వెనక కప్లింగ్‌కి తగిలించిన చిన్న పెట్టె, దాని మీద మిణుక్కుమనే ఎర్రలైటు చూపించి, "గార్డు పని ఇదే చేస్తుంది నాన్నా" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంకో బండి చూద్దామన్నారు.

రూము మాత్రం పట్టాలవైపు తీసుకోకండి. వ్యూ బాగుంటుందని నేను తీసుకున్నాను (హోటల్ పేరెందుకు లెండి). రాత్రంతా గూడ్సులే, అమ్మకి కంటిమీద కునుకు లేదు. పైగా ఊరు దాదాపు 7000 అడుగుల ఎత్తులో ఉంది, నాలుగడుగులేస్తే ఆయాసం. పెద్దవాళ్లని మెల్లగా నడిపించండి, ఎండాకాలమైనా స్వెటర్ పెట్టుకోండి.

నాన్నకి మాత్రం ఆ రాత్రి గురక పెట్టేంత నిద్ర పట్టింది.